దేశం మారాక బొమ్మలు, నాట్యం, రాత, డిజైన్... మళ్లీ వృత్తిగా నిలబెట్టుకున్న ఆడవాళ్లు చెప్పండి

నీలికుంచె (అమెరికా)

అందరికీ నమస్కారం. పెళ్లికి ముందు పిల్లల పుస్తకాలకీ పత్రికలకీ బొమ్మలు వేసేదాన్ని. పెద్ద పేరేమీ కాదు గానీ నా పని నాకుండేది. ఎడిటర్లు ఫోన్ చేసి "ఇంకో కథ ఉంది, వేస్తారా" అని అడిగేవాళ్లు. మావారి ఉద్యోగం వల్ల హెచ్4 వీసా మీద ఇక్కడికి వచ్చాను. వచ్చాక కాళ్లూ చేతులూ కట్టేసినట్టే ఉంది. ఏ ఫారం నింపినా వృత్తి అన్న గడి దగ్గర "గృహిణి" అని రాయాల్సి వస్తోంది. ఆ మాటంటే నాకు చిన్నచూపు లేదు, కానీ అది నా వృత్తి కాదు కదా.

తెలిసినవాళ్లంతా టెస్టింగ్ కోర్సు చేసెయ్, ఏదో ఒక ఐటీ ఉద్యోగం వస్తుంది అంటున్నారు. మావారు నీ ఇష్టం అంటారు. ఆ మాట ఒక్కోసారి ధైర్యంగా, ఒక్కోసారి బరువుగా ఉంటుంది. గ్యాప్ పెరిగేకొద్దీ మళ్లీ ఎవరైనా పని ఇస్తారా అని టెన్షన్. ఇలాంటి దారిలో నడిచినవాళ్లు ఉంటే చెప్పండి. ఈ వీసా మీద నేను ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నది కూడా ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

సరిహద్దు (అమెరికా)

నేను ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర పనిచేస్తాను. ఇది లీగల్ సలహా కాదు, మీ కాగితాలు చూసిన లాయరే మీకు ఖాయంగా చెప్పగలరు. పైపైన మాత్రం ఇదీ సంగతి.

హెచ్4 మీద ఉన్నప్పుడు పని అనుమతి కార్డు, అంటే ఈఏడీ, లేకుండా సంపాదన పని చేయకూడదు. సొంత వ్యాపారం, ఫ్రీలాన్స్ కూడా అందులోకే వస్తాయి. ఇండియాలో ఉన్న క్లయింటుకు ఇక్కడ ఇంట్లో కూర్చుని బొమ్మ వేసి డబ్బు తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. డబ్బు ఏ దేశం నుంచి వస్తోందన్నది కాదు, పని చేసేటప్పుడు మీరు ఎక్కడ ఉన్నారన్నదే చూస్తారు. అందుకని చాలామంది లాయర్లు వద్దనే చెప్తారు. తర్వాత గ్రీన్ కార్డు దగ్గర చిక్కు రాకుండా ఉండాలంటే ఆ జాగ్రత్త అవసరమే.

2015 మే 26 నుంచి కొందరు హెచ్4 వాళ్లకు ఈఏడీ దారి తెరుచుకుంది. మీవారి ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, ఆమోదం పొంది ఉండాలి, లేదా గ్రీన్ కార్డు ప్రాసెస్ మీద ఆయన ఉద్యోగ వీసా హెచ్1బీ ఆరేళ్లు దాటి పొడిగించి ఉండాలి. ఆ కార్డు వచ్చిందంటే ఉద్యోగమైనా ఫ్రీలాన్సైనా సొంత స్టూడియో అయినా మీ ఇష్టం. కాబట్టి మీవారి కంపెనీని ముందు అడగాల్సింది ఒక్కటే: గ్రీన్ కార్డు ప్రాసెస్ ఎప్పుడు మొదలుపెడతారు? ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ మాట అడిగి రాయించుకుంటే మీకు కలిసొచ్చేది ఏళ్లలో ఉంటుంది.

చదువుకోవడానికి మాత్రం హెచ్4 అడ్డం కాదు. కోర్సులు, వర్క్‌షాపులు, డిగ్రీ కూడా చేయొచ్చు. మీకోసం మీరు బొమ్మలు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మట్టిబొమ్మ (ఇంగ్లండ్)

నీలికుంచె చెల్లీ, నేను కుండలు చేస్తాను. మీ పోస్టు చదివి ఉండబట్టలేక రాస్తున్నాను.

లూసీ రీ పేరు విన్నారా? వియన్నాలో పేరు తెచ్చుకున్న సెరామిక్ కళాకారిణి. యూదురాలు కావడంతో 1938లో లండన్ వచ్చేయాల్సి వచ్చింది. అక్కడి పేరు ఇక్కడ చెల్లలేదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో కుండల పనికి పెద్దదిక్కు బెర్నార్డ్ లీచ్. ఆయనకు ఆవిడ పల్చటి పాత్రలు నచ్చలేదు. యుద్ధ కాలంలో ఆవిడ బతుకుతెరువు కోసం దుస్తుల డిజైనర్లకు సెరామిక్ బొత్తాలు చేసింది. ఒక్కసారి ఆలోచించండి, పాత్రలు చేసే చేయి బొత్తాలు చేసింది. కానీ ఆ బొత్తాల్లోనే రంగులు, గ్లేజులు (మట్టి మీద పూసి కాల్చే గాజులాంటి పూతలు) ఎన్నో రకాలుగా ప్రయత్నించి చూసుకుంది. 1946లో హాన్స్ కోపర్ అనే మరో శరణార్థి ఆవిడ దగ్గర పనికి చేరాడు. నీ పద్ధతిలోనే నువ్వు చెయ్యి అని ఆవిడకు ధైర్యం ఇచ్చింది అతనే. చివరికి అదే ఇంగ్లండు 1991లో ఆవిడకు డేమ్ బిరుదు ఇచ్చింది.

నేను ఈ కథ ఎందుకు పట్టుకుని వేలాడతానంటే, ఆవిడ మట్టిని వదల్లేదు. పాత్ర కుదరని రోజుల్లో బొత్తం చేసింది, అంతే. టెస్టింగ్ కోర్సు చేయడం తప్పు కాదు, ఇంట్లో డబ్బు అవసరం ఉంటే చేయాల్సిందే. కాకపోతే అది మీ చేతిని మట్టికి, మీ విషయంలో రంగులకు, పూర్తిగా దూరం చేసే పనైతే తిరిగి రావడం కష్టమవుతుంది.

నా సంగతి చెప్తాను. ఇక్కడికి వచ్చాక నేను వాడే గ్లేజు ఇక్కడి మట్టి మీద సన్నగా పగుళ్లు తీయడం మొదలుపెట్టింది. చేతిలో లోపం కాదు. కాల్చాక చల్లారేటప్పుడు మట్టి కన్నా గ్లేజు ఎక్కువ కుంచించుకుపోతే ఆ పగుళ్లు వస్తాయి. మట్టి మారితే గ్లేజూ మార్చుకోవాలి. చిన్న చిన్న టైల్స్ మీద సిలికా కొంచెం కొంచెం పెంచుకుంటూ ప్రతి టైల్ వెనకా నంబరు గీసి కాల్చి చూసేదాన్ని. కుదిరాక ఆ నోట్‌బుక్ నాకు డిగ్రీ కన్నా ఎక్కువ పనికొచ్చింది. స్టూడియోలో పక్క చక్రం మీద పనిచేసే ఆవిడ ఆ నోట్‌బుక్ చూసి "ఇది నాక్కూడా చెప్తారా" అని అడిగింది. నా మొదటి స్నేహితురాలు, తర్వాత నా మొదటి కొనుగోలుదారు ఆవిడే.

సొంత చక్రం, సొంత బట్టీ కోసం ఆగొద్దు. నెలకింత కట్టి అందరూ కలిసి వాడుకునే ఓపెన్ స్టూడియోలు ఉంటాయి. పరికరం కోసం కన్నా మనుషుల కోసం అక్కడికి వెళ్లాలి.

తెరవెనుక (కెనడా)

మట్టిబొమ్మ గారు చెప్పింది బాగుంది గానీ నేను కొంచెం వేరేగా చెప్తాను. ఏమీ అనుకోవద్దు.

నేను ఫిల్మ్ ఎడిటర్ని. ఇక్కడికి వచ్చిన కొత్తలో కళ, కళ అంటూ కూర్చోకుండా ముందు ఒక ఉద్యోగంలో చేరాను. ఒక కంపెనీలో ట్రైనింగ్ వీడియోలు కట్ చేసేదాన్ని. అగ్నిప్రమాదం వస్తే ఏ తలుపులోంచి వెళ్లాలి, అలాంటివి. అందులో సృజన ఎక్కడుంది అంటే నాకు జీతం ఉంది, జీతంతో పాటు ధైర్యం ఉంది. నా పేరు మీద బ్యాంకు ఖాతా, క్రెడిట్ హిస్టరీ, రిఫరెన్స్ ఇచ్చే మేనేజరు, అన్నీ అక్కడే వచ్చాయి. సాయంత్రాలు డాక్యుమెంటరీ వాళ్లకు అసిస్టెంట్‌గా ఫుటేజీ సర్దేదాన్ని, దానికీ డబ్బు తీసుకున్నాను. ఇప్పుడు చేసేది పూర్తిగా డాక్యుమెంటరీలే.

చేతిలో పైసా లేకుండా కళను నమ్ముకోమని ఆడపిల్లకు చెప్పడం నాకు భయంగా ఉంటుంది. భర్త మంచివాడే కావచ్చు. అయినా ప్రతి కుంచె కొనడానికీ ఇంకొకరిని అడగాల్సి వస్తే, కొన్నాళ్లకు అడగడమే మానేస్తాం. అలా మానేసినవాళ్లను చూశాను.

రెమెడియోస్ వారో అని స్పెయిన్ చిత్రకారిణి ఉంది. యుద్ధం నుంచి తప్పించుకుని 1941లో మెక్సికో చేరింది. చాలాకాలం బేయర్ మందుల కంపెనీ ప్రకటనలకు బొమ్మలు వేసి బతికింది. ఈ రోజు మనం చూసే ఆవిడ గొప్ప చిత్రాలన్నీ దాదాపు ఆ తర్వాతవే. సొంత ప్రదర్శన 1950ల మధ్యకు గానీ కుదరలేదు. ప్రకటనల పని ఆవిడ చేతిని పాడుచేయలేదు.

ఇంకోటి. ఇక్కడ "కెనడియన్ ఎక్స్‌పీరియెన్స్ ఉందా" అన్న ప్రశ్న ఎందరినో వెనక్కి పంపింది. ఒంటారియోలో 2026 జనవరి 1 నుంచి 25 మంది, ఆ పైన ఉద్యోగులున్న సంస్థలు తమ ప్రకటనల్లో ఆ షరతు పెట్టకూడదు. ప్రకటనలో కనపడితే అడగండి, మొహమాటపడొద్దు.

మట్టిబొమ్మ (ఇంగ్లండ్)

అనుకోవడానికేముంది తల్లీ. డబ్బు విషయంలో మీ మాటే నా మాట. మీరు చేరింది కూడా ఎడిటింగ్ ఉద్యోగమే కదా! నేను భయపడేది చేయి పూర్తిగా మారిపోయే ఉద్యోగం గురించి.

తెరవెనుక (కెనడా)

అవును, అది నిజం. కత్తెర మాత్రం చేతిలోనే ఉంది.

గజ్జెసవ్వడి (ఆస్ట్రేలియా)

ప్రతి చర్చలోనూ ఎవరో ఒకరు "ఇంట్లో పిల్లలకు నేర్పొచ్చుగా" అంటారు. ఇక్కడ ఇంకా ఎవరూ అనలేదు, సంతోషం. నేను నేర్పుతాను, ఆ పనంటే నాకు ప్రాణం. కానీ అది సులువైన పనని, తీరిక వేళల్లో చేసేదని అనుకునేవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి.

నాట్యం నేర్పడానికి ముందు కావలసింది నేల. అపార్ట్‌మెంటు పై అంతస్తులో అడవు, అంటే నాట్యపు అడుగు, వేస్తే కింది వాళ్లు తలుపు కొడతారు. అది వాళ్ల తప్పు కాదు. సిమెంటు మీద పరిచిన పల్చటి నేల మోకాళ్లను పాడుచేస్తుంది, పిల్లలవి కూడా. లోపల కొంచెం స్ప్రింగ్ ఉన్న చెక్క నేల కావాలి. గంటల లెక్కన అద్దెకిచ్చే కమ్యూనిటీ హాళ్లలో అలాంటివి దొరుకుతాయి. హాలు ఇచ్చేవాళ్లు పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ అడుగుతారు. పిల్లలకు నేర్పాలంటే ఇక్కడ రాష్ట్రం పేరు మీద "వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్" అనే నేపథ్య తనిఖీ చేయించుకోవాలి, ఇంగ్లండులో అయితే డీబీఎస్ చెక్. ఇవన్నీ ఉన్నాకే నేను మొదటి ఫీజు తీసుకున్నాను.

ఇంకో మాట. నేర్పడం మొదలుపెట్టాక నా సొంత సాధన పలచబడింది. క్లాసులన్నీ సాయంత్రాలు, శనాదివారాలు. నాకు శక్తి ఉండే వేళలన్నీ పిల్లలవే. అందుకని వారంలో ఒక సాయంత్రం క్లాసు లేకుండా ఉంచుకుని అదే హాలు నాకోసం అద్దెకు తీసుకుంటాను. డబ్బు దండగ అని మావాళ్లు అన్నారు. ఆ సాయంత్రం లేకపోతే నేను టీచర్నే తప్ప నర్తకిని కాను.

నీలికుంచె గారూ, మీరు మాత్రం ఈఏడీ రాకముందు ఇంట్లో ఫీజు తీసుకుని డ్రాయింగ్ క్లాసులు పెట్టకండి. సరిహద్దు గారు చెప్పిన రూల్ దానికీ వర్తిస్తుంది.

సరిహద్దు (అమెరికా)

వర్తిస్తుంది. చేతికి నగదు ఇచ్చినా, గిఫ్ట్ కార్డు ఇచ్చినా అదే లెక్క.

నీలికుంచె (అమెరికా)

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ థాంక్స్. మావారి ఐ-140 ఇంకా వేయలేదు. కంపెనీని ఈ వారమే అడుగుతానన్నారు. ఒక అనుమానం. ఇక్కడ ఒక అసోసియేషన్ వాళ్లు స్టేజీ వెనక తెర, సావనీరు కవరు వేసిపెట్టమంటున్నారు. డబ్బు ఉండదు, "మీకూ ఎక్స్‌పోజర్ కదా" అన్నారు. చేయొచ్చా? చేయాలా?

దారపుపోగు (జర్మనీ)

చేయొచ్చా అన్నది సరిహద్దు గారు చెప్తారు. చేయాలా అన్నది నేను చెప్తాను.

నేను టెక్స్‌టైల్ డిజైనర్ని, చేతి కుట్టు నా బలం. కొత్తలో నా దగ్గరికీ ఇలాగే వచ్చేవాళ్లు. బ్యానర్లు, లోగోలు, కాస్ట్యూములు. అడిగేవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. కానీ హాలుకు అద్దె కట్టారు, సౌండ్ సిస్టమ్ వాడికి డబ్బిచ్చారు, ఫోటోలవాడికిచ్చారు. కుట్టు పని చేసే ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి అది సేవ అయింది. ఉచితంగా చేసిన పని చూసి వచ్చే రెండో క్లయింటు కూడా ఉచితంగానే అడుగుతాడు. ఇది గట్టిగా చెప్తున్నాను. ఎందుకంటే మన వృత్తిని ముందు మనవాళ్ల మధ్యే నిలబెట్టుకోవాలి.

వీసా వల్ల డబ్బు తీసుకునే వీలు లేకపోతే, చేసే ఒకటీ అరా పనికి డబ్బు కాని ప్రతిఫలం ముందే రాతలో మాట్లాడుకోండి: కవరు లోపల మీ పేరు, బొమ్మ హక్కులు మీవే అన్న వాక్యం, ప్రింట్ అయిన కాపీలు, సంస్థ లెటర్‌హెడ్ మీద మీ పని గురించి ఒక లేఖ. ఈ లేఖల అవసరం ముందుముందు తెలుస్తుంది.

సరిహద్దు (అమెరికా)

దారపుపోగు గారు నా పని సగం చేసేశారు. లాభాపేక్ష లేని సంస్థకు, మామూలుగా ఎవరూ జీతం ఇచ్చి చేయించని పనిని, నిజంగా స్వచ్ఛందంగా చేయడానికి అభ్యంతరం ఉండదు. వ్యాపార సంస్థకు "ఫ్రీగా" చేయడం, లేదా తర్వాత డబ్బు ఇస్తామన్న మాట మీద చేయడం మాత్రం ప్రమాదం.

లేఖల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్తాను. ఎందుకంటే సృజన రంగాల్లో ఉన్నవాళ్లకు సొంత వీసా దారులు ఉన్నాయి, అవన్నీ కాగితాల మీదే నడుస్తాయి. అమెరికాలో కళాకారులకు ఓ1బీ వీసా ఉంది. పెద్ద అంతర్జాతీయ అవార్డు లేకపోతే, చట్టం చెప్పిన ఆరు రకాల ఆధారాల్లో కనీసం మూడు చూపాలి. ప్రధాన పాత్ర వహించిన ప్రదర్శనలు లేదా ప్రాజెక్టులు, పత్రికల్లో వచ్చిన సమీక్షలు, నిపుణుల లేఖలు, తగిన పారితోషికం, ఇలాంటివి. మనమే సొంతంగా అప్లై చేయలేం. అమెరికాలో ఒక సంస్థో ఏజెంటో మన తరఫున వేయాలి.

ఇంగ్లండులో 2020 ఫిబ్రవరిలో గ్లోబల్ టాలెంట్ వీసా మొదలైంది. కళలకు ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ఆమోదించాలి. మూడు సిఫారసు లేఖలు, వాటితో పాటు పది దాకా ఆధారాలు అడుగుతారు. నాట్యం, సంగీతం, నాటకం, చిత్రకళ, సాహిత్యం అన్నీ వస్తాయి. ఆ వీసా దొరికితే ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడక్కర్లేదు, ఫ్రీలాన్స్ కూడా చేసుకోవచ్చు.

మీరు ఇండియాలో వేసిన బొమ్మలున్న పత్రికలన్నీ స్కాన్ చేసి, తేదీ, సంచిక కనపడేలా దాచండి. ఎడిటర్లు ఇంకా అదే ఉద్యోగంలో ఉండగానే లేఖలు తీసుకోండి. రిటైరయ్యాక వాళ్లను వెతికి పట్టుకోవడం చాలా కష్టం. ఈ పనికి ఏ వీసా అడ్డు రాదు, ఈ రోజే మొదలుపెట్టొచ్చు.

తోడునీడ (సింగపూర్)

చర్చలో మగవాళ్లు రాయొచ్చా? మా ఆవిడ ఫోటోగ్రాఫర్. నా బదిలీ వల్ల ఇక్కడికొచ్చాం. తను బయటికి ఏమీ అనదు గానీ కెమెరా బ్యాగు అలమరలోంచి బయటికి రావడం లేదు. నేనేం చేయాలో తెలియడం లేదు. కొత్త లెన్స్ కొనిపెడితే మొహమాటంగా నవ్వింది.

గజ్జెసవ్వడి (ఆస్ట్రేలియా)

తప్పకుండా రాయొచ్చు అన్నయ్యా. లెన్స్ కన్నా వేళ ముఖ్యం. వారంలో ఫలానా గంటలు తనవి అని ఇంట్లో ఖాయం చేయండి. ఆ గంటల్లో పిల్లలు, వంట, బ్యాంకు పని, ఇంటికి వచ్చే ప్లంబర్, అన్నీ మీవి. వెళ్తావా అని అడగొద్దు. వెళ్లే రోజు అని ముందే అనుకుని ఉండాలి. అడిగితే ఎవరైనా "పర్లేదులే" అంటారు.

తెరవెనుక (కెనడా)

దీనికి తోడు, తన పేరు మీద విడిగా ఖాతా. ఇంటి కరెంటు బిల్లో ఇంటర్నెట్ బిల్లో తన పేరు మీద. అడ్రస్ ప్రూఫ్ కూడా భర్త పేరు మీదే ఉంటే లైబ్రరీ కార్డు దగ్గర నుంచి స్టూడియో మెంబర్‌షిప్ దాకా ప్రతిదానికీ మీరు వెంట రావాల్సి ఉంటుంది.

దారపుపోగు (జర్మనీ)

ఈ రెండిటికన్నా పెద్దది ఒకటి ఉంది, అది మీ చేతిలోనే ఉంది. ఈసారి బదిలీ ఒప్పుకునే ముందు ఆ దేశంలో ఆవిడకు పనిచేసే హక్కు ఉందా అన్నది జీతంతో సమానంగా చూడండి. దేశానికీ దేశానికీ చాలా తేడా. మీరున్న సింగపూర్‌లో 2021 మే 1 నుంచి డిపెండెంట్ పాస్ మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేయాలంటే సొంతంగా వర్క్ పాస్ ఉండాలి. జపాన్‌లో డిపెండెంట్లు అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటలు చేయొచ్చు. ఇంగ్లండులో స్కిల్డ్ వర్కర్ భార్య సొంత వ్యాపారం కూడా పెట్టుకోవచ్చు. అమెరికాలోనే చూడండి, హెచ్4కి అంత కష్టం, కంపెనీ బదిలీ మీద వచ్చినవాళ్ల భార్యలకు (ఎల్2 వీసా) మాత్రం 2021 నవంబరు నుంచి విడిగా ఈఏడీ కోసం ఎదురుచూడక్కర్లేదు. కెనడాలో 2025 జనవరి 21 నుంచి భార్యాభర్తల ఓపెన్ వర్క్ పర్మిట్ నిబంధనలు బిగించారు, భర్త ఉద్యోగం ఏ స్థాయిదన్న దాన్ని బట్టి ఉంటుంది.

నేనున్న జర్మనీలో కుటుంబ వీసా మీద వచ్చినవాళ్లు ఉద్యోగమూ చేయొచ్చు, ఫ్రీలాన్సూ చేయొచ్చు. పైగా ఇక్కడ క్యూన్‌స్ట్లర్‌సోత్సియాల్‌కాసె అని కళాకారులకు, రచయితలకు ఒక వ్యవస్థ ఉంది, 1983 నుంచి నడుస్తోంది. ఫ్రీలాన్సర్‌గా ఉన్నా మన ఆరోగ్య బీమా, పెన్షన్ వాటాలో సగమే మనం కట్టాలి. మిగతా సగం ప్రభుత్వం, కళాకారుల పని వాడుకునే కంపెనీలు కలిసి భరిస్తాయి. అందులో చేరాలంటే కళే నా సంపాదన అని ఇన్వాయిస్‌లు, కాంట్రాక్టులతో చూపించాలి. నాకు ఆ ఉత్తరం వచ్చిన రోజు ఒక ప్రభుత్వ కాగితం మీద నా పేరు పక్కన "టెక్స్‌టైల్ డిజైనర్" అని చూసుకున్నాను. భర్త ఉద్యోగం వల్ల వచ్చిన గుర్తింపు కాదది.

తోడునీడ (సింగపూర్)

ఇవన్నీ మావాళ్లు ఎవరూ చెప్పలేదు. బదిలీ గురించి మళ్లీ అడిగారు, ఈసారి ఇద్దరం కూర్చుని ఈ లిస్టు చూసే మాట్లాడతాం. వేళల సంగతి ఈ రాత్రే చెప్తాను.

మట్టిబొమ్మ (ఇంగ్లండ్)

అన్నట్టు మరిచాను. బదిలీల మాటొచ్చింది కాబట్టి జరీనా గురించి చెప్పాలి. అలీగఢ్‌లో 1937లో పుట్టింది, గణితంలో డిగ్రీ. భర్త విదేశాంగ శాఖ అధికారి. ఆయన ఉద్యోగం ఎటు తీసుకెళ్తే అటు వెళ్లాల్సిందే. కానీ వెళ్లిన ప్రతిచోటా ఆ ఊళ్లో ఏం నేర్చుకోవచ్చో చూసింది. బ్యాంకాక్‌లో చెక్క మీద చెక్కి అచ్చు వేయడం, ప్యారిస్‌లో అతెలియే 17 అనే పేరున్న స్టూడియోలో లోహపు రేకు మీద చెక్కే ఎన్‌గ్రేవింగ్, తర్వాత జపాన్‌లో మళ్లీ చెక్క అచ్చులు. న్యూయార్క్‌లో స్థిరపడ్డాక ఇళ్లు, మ్యాపులు, సరిహద్దు గీతలు ఆవిడ బొమ్మలయ్యాయి. 2011లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో భారత్ తరఫున పాల్గొన్నవాళ్లలో ఆవిడ ఒకరు. 2013లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఆవిడ జీవితకాలపు పనిని ప్రదర్శించారు.

నీలికుంచె చెల్లీ, హెచ్4 మీద చదువుకోవచ్చు అన్నారు కదా సరిహద్దు గారు. ప్రింట్ మేకింగ్, బుక్ బైండింగ్ లాంటివి అమెరికాలో కమ్యూనిటీ కాలేజీల్లో నేర్పుతారు. టెస్టింగ్ కోర్సుకు పెట్టే టైము అక్కడ పెట్టి చూడండి. ఈఏడీ వచ్చేసరికి చేతిలో కొత్త విద్య, ఆ ఊరి టీచర్ల లేఖలు, తోటి విద్యార్థుల పరిచయాలు ఉంటాయి.

నీలికుంచె (అమెరికా)

కమ్యూనిటీ కాలేజీ సైట్ చూశాను అక్కా. లినోకట్ (లినోలియం మీద చెక్కి అచ్చు వేసే పద్ధతి) క్లాసు ఉంది, సాయంత్రం వేళ. పేరు నమోదు చేశాను. అసోసియేషన్ వాళ్లకు కవరు ఒక్కటే చేస్తాను, దారపుపోగు గారు చెప్పినవన్నీ మెయిల్‌లో పెట్టాను. "ఇంతకుముందు ఎవరూ ఇలా అడగలేదు" అన్నారు, కానీ ఒప్పుకున్నారు. తెరకు మాత్రం వేరేవాళ్లను చూసుకోమన్నాను.

కొత్తపేజీ (అమెరికా)

ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నాను, ఇదే మొదటి పోస్టు. నాకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి పని హక్కు బాధ లేదు. కథలు రాస్తాను. మన దగ్గర ఒక ప్రచురణకర్త సంపుటి వేస్తామంటున్నారు. కాంట్రాక్టులో "అన్ని హక్కులూ, అన్ని భాషల్లో, ప్రపంచమంతటా, శాశ్వతంగా" అని ఉంది. సంతకం పెట్టకపోతే పుస్తకం రాదేమోనని భయం. దూరంగా ఉన్నాం కదా, మనమే బతిమాలుకోవాలి అన్నట్టు ఉంటుంది. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు నంబరు, కూడా నన్నే తెచ్చుకోమంటున్నారు. డబ్బు ఏ ఖాతాలో వేయించుకోవాలో కూడా తెలియదు.

సరిహద్దు (అమెరికా)

కాపీరైట్ నా వృత్తి కాదు గానీ మా ఆఫీసుకు ఇవి వస్తుంటాయి, తెలిసింది చెప్తాను.

రాసిన క్షణంలోనే హక్కు మీది. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇండియా, అమెరికా రెండూ అందులో ఉన్నాయి. అలాంటిది శాశ్వతంగా ఇచ్చేయక్కర్లేదు. తెలుగులో, అచ్చు పుస్తకానికి, ఇన్నేళ్లకు అని పరిమితం చేయమని అడగండి. అనువాదం, ఆడియో, సినిమా హక్కులు మీ దగ్గర ఉంచుకోండి. పుస్తకం ఇన్ని నెలలు స్టాకులో లేకపోతే హక్కులన్నీ మీకు తిరిగి వస్తాయన్న వాక్యం తప్పకుండా రాయించండి. మామూలుగా అడిగేవే ఇవి, ఇందులో బతిమాలడం ఏమీ లేదు.

ఐఎస్‌బీఎన్ ప్రచురణకర్త ఉన్న దేశంలో తీసుకోవాలి. ఇండియాలో అది ఉచితం, వాళ్లే తీసుకోవాలి. అమెరికాలో అయితే కొనుక్కోవాలి, మీకా ఖర్చెందుకు?

ఖాతా సంగతి. మీరు ఎన్నారై కాబట్టి అక్కడి మామూలు సేవింగ్స్ ఖాతా ఎన్నార్వోగా, అంటే ఎన్నారైలకు ఇండియాలో ఉండే రూపాయి ఖాతాగా, మారి ఉండాలి, రాయల్టీ అందులో పడుతుంది. అక్కడ పన్ను కోసుకుని ఇస్తారు, ఇక్కడి రిటర్నులో కూడా ఆ ఆదాయం చూపించాలి. రెండుసార్లు పన్ను పడకుండా రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది. టీడీఎస్ సర్టిఫికెట్ అడిగి తీసుకుని మీ అకౌంటెంటుకు ఇవ్వండి.

కొత్తపేజీ (అమెరికా)

చాలా థాంక్సండి. "ఇన్నేళ్లకు" అంటే ఎన్నేళ్లు అడగాలి? వాళ్లు ఒప్పుకోకపోతే?

తెరవెనుక (కెనడా)

ముందు మీరు తక్కువ చెప్పండి, వాళ్లు ఎక్కువ చెప్తారు, మధ్యలో ఎక్కడో కుదురుతుంది. ఫోన్‌లో మాట్లాడినా ఆ సాయంత్రమే "మనం అనుకున్నవి ఇవీ" అని మెయిల్ పెట్టండి. నేను ప్రతి డాక్యుమెంటరీకీ అదే చేస్తాను.

సరిహద్దు (అమెరికా)

అవును, మెయిల్ తప్పనిసరి. కాంట్రాక్టు మొత్తం ఇక్కడ పెట్టకండి. ప్రచురణకర్త పేరు, మీ పేరు తీసేసి ఆ రెండు పేజీలు నాకు మెసేజ్ చేయండి. మా ఆఫీసులో కాపీరైట్ చూసే ఆవిడకు చూపించి శుక్రవారంలోగా చెప్తాను. అప్పటిదాకా సంతకం పెట్టకండి.